డల్లాస్ ఫైనల్స్: వింబుల్డన్‌కే పోటీగా నిలిచిన టోర్నీ ఎలా మాయమైంది?

1972 మే 14. అమెరికాలోని డల్లాస్‌లో, సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న మూడీ కొలీజియం. డల్లాస్ ఫైనల్స్ టెన్నిస్ టైటిల్ మ్యాచ్‌లో ఐదో సెట్ 6-6 దగ్గర ఆగి టైబ్రేక్‌కి వెళ్లింది. అంటే కనీసం రెండు పాయింట్ల తేడాతో ముందు ఏడు పాయింట్లు తెచ్చుకున్నవాడిదే సెట్. అందులో ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ లేవర్ 5-4 ఆధిక్యంలో ఉన్నాడు. పైగా తర్వాతి రెండు పాయింట్లకీ సర్వీస్ అతనిదే. ఆ రెండూ గెలిస్తే కప్పు చేతికొచ్చినట్టే. అవతల ఉన్నది అదే దేశానికి చెందిన 37 ఏళ్ల కెన్ రోజ్‌వాల్. లేవర్ సర్వీసులు రెండింటినీ రోజ్‌వాల్ బ్యాక్‌హ్యాండ్‌తో తిప్పికొట్టి పాయింట్లు లాక్కున్నాడు. ఆ తర్వాతి పాయింటూ అతనికే దక్కింది. 4-6, 6-0, 6-3, 6-7, 7-6.

దాదాపు మూడున్నర గంటలు సాగిన ఈ మ్యాచ్‌ని ఎన్‌బీసీ ఛానల్ దేశమంతటా ప్రసారం చేసింది. రెండు కోట్ల మందికి పైగా చూశారని అప్పటి అంచనా. అమెరికాలో సామాన్యుడికి టెన్నిస్ మీద మోజు పుట్టించిన మ్యాచ్ ఏదని అడిగితే చాలామంది ఆట చరిత్రకారులు ఈ ఫైనల్‌నే చూపిస్తారు. గెలిచినవాడికి ఇచ్చిన 50,000 డాలర్లు ఆ రోజుల్లో టెన్నిస్‌లో మరెక్కడా దొరకని మొత్తం.

ఇంత గొప్పగా ఆడిన ఈ ఇద్దరూ ఆ ఏడాది వింబుల్డన్‌లో మాత్రం కనిపించలేదు. గాయాలేమీ కాదు. వాళ్లకి అక్కడ ప్రవేశం లేదు. డల్లాస్ టోర్నీ ఎందుకు పుట్టిందో, ఎందుకు వెలిగిందో, 1989 తర్వాత ఎందుకు ఆగిపోయిందో అర్థం కావాలంటే ముందు ఈ నిషేధం కథ తెలియాలి. కోర్టు మీద జరిగిన ఆట కంటే కోర్టు బయట జరిగిన గొడవే ఇందులో ఎక్కువ. సంస్థల పేర్లు చాలా వస్తాయి కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

ఆయిల్ డబ్బు, ఎనిమిది మంది అందగాళ్లు

1968 దాకా పెద్ద టెన్నిస్ టోర్నీలన్నీ అమెచ్యూర్లవే. వింబుల్డన్ గెలిచినా అధికారికంగా చేతికొచ్చే డబ్బు ఉండదు. చాటుగా 'ఖర్చుల' పేరుతో ఇచ్చేది వేరే లెక్క. బాహాటంగా డబ్బు తీసుకుని ఆడితే 'ప్రొఫెషనల్' అని ముద్ర వేసి పెద్ద టోర్నీల నుంచి వెలేసేవారు. లేవర్, రోజ్‌వాల్ ఇద్దరూ తమ మంచి వయసు చాలావరకు ఆ వెలిలోనే గడిపారు. ఊరూరా తిరుగుతూ, దొరికిన హాల్లో నేల మీద కాన్వాస్ పరిచి ఆడిన రోజులవి.

1967లో న్యూ ఓర్లీన్స్‌కి చెందిన డేవ్ డిక్సన్‌కి ఒక ఆలోచన వచ్చింది. పేరున్న ఆటగాళ్లని కాంట్రాక్టులతో ఒక్కచోటికి తెచ్చి, టీవీకి నచ్చేలా టెన్నిస్‌ని నడపాలని. డబ్బు కోసం అతను పట్టుకున్నది డల్లాస్ ఆయిల్ కుబేరుడు హెచ్.ఎల్. హంట్ కొడుకు లమార్ హంట్‌ని, లమార్ మేనల్లుడు ఆల్ హిల్ జూనియర్‌ని. అలా పుట్టిందే వరల్డ్ చాంపియన్‌షిప్ టెన్నిస్, పొట్టిగా డబ్ల్యూసీటీ.

లమార్ హంట్ గురించి రెండు మాటలు చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాత లీగ్ తనకి టీమ్ ఇవ్వకపోతే కొత్త లీగే పెట్టేసిన మనిషి. ఆ ఆటలో అతిపెద్ద ఫైనల్‌కి 'సూపర్ బౌల్' అన్న పేరు కూడా ఆయన పెట్టిందేనంటారు. ఫుట్‌బాల్‌లో కొడుకు ఏడాదికి పది లక్షల డాలర్లు పోగొట్టుకుంటున్నాడని ఎవరో చెబితే, ఆ లెక్కన దివాలా తీయడానికి వందేళ్లు పైనే పడుతుందిలే అని తండ్రి అన్నాడని ఒక కథ ఉంది. నిజమో కల్పనో గానీ, నష్టం వస్తే భయపడి పారిపోయే రకం కాదన్నది మాత్రం నిజం. డిక్సన్ కొద్ది నెలలకే తప్పుకున్నాడు. హంట్, హిల్ నిలబడ్డారు.

మొదట కాంట్రాక్టు రాసినవాళ్లు ఎనిమిది మంది. ఆస్ట్రేలియా నుంచి జాన్ న్యూకోంబ్, టోనీ రోచ్. దక్షిణాఫ్రికా నుంచి క్లిఫ్ డ్రైస్‌డేల్, బ్రిటన్ నుంచి రోజర్ టేలర్, యుగోస్లావియా నుంచి నికీ పిలిచ్, ఫ్రాన్స్ నుంచి పియర్ బార్తెస్, అమెరికా నుంచి డెన్నిస్ రాల్‌స్టన్, బుచ్ బుకోల్జ్. పబ్లిసిటీ కోసం వీళ్లకి 'హ్యాండ్సమ్ ఎయిట్' అని పేరు పెట్టారు. న్యూకోంబ్ అప్పటికి వింబుల్డన్ విజేత. అలాంటివాడు కాంట్రాక్టు రాసేస్తే వింబుల్డన్‌కి మిగిలేది ఎవరు? 1968 ఏప్రిల్ నుంచి అమెచ్యూర్లు, ప్రొఫెషనల్స్ కలిసి ఆడేలా తలుపులు తెరవడానికి ఈ భయం కూడా ఒక కారణం. చాటు డబ్బుల నాటకం ఆపాలన్న బ్రిటన్ వాళ్ల నిజాయితీ అసలు కారణమని రాసేవాళ్లున్నారు. నాకైతే రెండూ కలిసే పనిచేశాయనిపిస్తుంది.

రంగు చొక్కాలు, టైబ్రేక్, ఆటగాళ్లు వైపులు మారేటప్పుడు కొలిచిన విరామం, టీవీ ప్రకటనలకి తగిన సమయం... వీటన్నిటినీ సంప్రదాయవాదులు సర్కస్ అని వెక్కిరించినప్పుడు డబ్ల్యూసీటీ ధైర్యంగా వాడింది. మాజీ ఆటగాడు, వేల్స్‌కి చెందిన మైక్ డేవిస్ పగ్గాలు పట్టాక ఇవి ఒక పద్ధతిలో పడ్డాయి. క్రికెట్‌లో కెర్రీ ప్యాకర్ రంగు దుస్తులతో, టీవీ కెమెరాలతో చేసిన హడావుడి మనవాళ్లకి బాగా తెలుసు. టెన్నిస్‌లో అది దాదాపు పదేళ్ల ముందే జరిగిపోయింది.

సీజన్ అంతా మెట్లు, పైన డల్లాస్

1970లో డబ్ల్యూసీటీ తన పోటీ సంస్థ నేషనల్ టెన్నిస్ లీగ్‌ని కలిపేసుకుంది. దాంతో లేవర్, రోజ్‌వాల్ కూడా హంట్ గూటికి చేరారు. 1971కి పథకం సిద్ధమైంది. 32 మంది కాంట్రాక్టు ఆటగాళ్లు, 20 టోర్నీలు, ఒక్కోదానికి 50,000 డాలర్లు. మొత్తం పది లక్షలు. గెలుపును బట్టి పాయింట్లు. సీజన్ చివర్లో టాప్ 8 మందికి ఫైనల్స్. అదే మన డల్లాస్ టోర్నీ.

ఇప్పుడు ఇది మామూలు విషయంలా అనిపిస్తుంది. అప్పట్లో టెన్నిస్‌కి 'సీజన్' అనేదే సరిగా లేదు. ఎక్కడి టోర్నీ అక్కడే, ఎవరి లెక్క వాళ్లదే. జనవరిలో ఒక ఊళ్లో గెలిచిన మ్యాచ్ నెలల తర్వాత డల్లాస్ తలుపు తెరుస్తుందన్న ఆలోచన కొత్తది. మధ్యలో చూసే మ్యాచ్‌కీ ఒక అర్థం ఉంటుంది, ప్రేక్షకుడు మళ్లీ వచ్చే వారం టీవీ పెడతాడు. డల్లాస్ బలమంతా ఇక్కడే ఉంది. బలహీనత కూడా ఇక్కడే ఉందన్నది తర్వాత తేలింది.

ఇండోర్ అన్నది కూడా యాదృచ్ఛికం కాదు. వాన రాదు, గాలి ఉండదు, ఎండ కళ్లల్లో పడదు. మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో ఛానల్‌కి ముందే చెప్పొచ్చు. బాస్కెట్‌బాల్ కోసం కట్టిన హాల్లో సింథటిక్ కార్పెట్ పరిస్తే చాలు, కోర్టు రెడీ. మర్నాడు చుట్టేసి ఇంకో ఊరికి పంపేయొచ్చు. బంతి వేగంగా, తక్కువ ఎత్తులో వెళ్లే ఆ కార్పెట్ సర్వీస్ బాగా చేసేవాళ్లకీ, నెట్ దగ్గరికి దూసుకొచ్చేవాళ్లకీ బాగా నప్పేది.

మొదటి ఫైనల్ 1971 నవంబర్‌లో జరిగింది. రోజ్‌వాల్ 6-4, 1-6, 7-6, 7-6తో లేవర్‌ని ఓడించాడు. ఆ ఏడాది లేవర్ దాదాపు 2,93,000 డాలర్లు సంపాదించి, కెరీర్‌లో పది లక్షలు దాటిన మొదటి టెన్నిస్ ఆటగాడయ్యాడు. అయినా డల్లాస్ టైటిల్ మాత్రం ఆయనకి ఎప్పటికీ అందలేదు. సీజన్ ముగింపును వసంతానికి జరపడంతో ఆరు నెలలు తిరగకుండానే రెండో ఫైనల్స్ వచ్చింది. అదే పైన చెప్పిన మ్యాచ్.

నిషేధం, రాజీ

1971 వింబుల్డన్ దాకా హంట్ ఆటగాళ్లు అలాంటి పెద్ద టోర్నీల్లోనూ ఆడుతూనే ఉన్నారు. తన ఆటగాళ్లని పంపినందుకు తనకేంటని హంట్ అడగడంతో తగువు ముదిరింది. స్టార్లు నావాళ్లు, టికెట్లు అమ్ముడయ్యేది వాళ్ల పేరు మీద, లాభం మీరొక్కరే తింటే ఎలా? అంతర్జాతీయ లాన్ టెన్నిస్ సమాఖ్యకి ఇది బెదిరింపులా తోచింది. 1972 జనవరి నుంచి కాంట్రాక్టు ఆటగాళ్లని తన టోర్నీల నుంచి నిషేధించింది. న్యూకోంబ్ రెండేళ్లు వరుసగా వింబుల్డన్ గెలిచి కూడా మూడో ఏడు టైటిల్ కాపాడుకోవడానికి వెళ్లలేకపోయాడు. స్టాన్ స్మిత్ ఆ ఏడాది విజేత అయ్యాడు.

1972 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. అమల్లోకి రావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఒప్పందం సారాంశం ఇది: సంవత్సరంలో మొదటి నాలుగైదు నెలలు డబ్ల్యూసీటీకి, మిగతాది సమాఖ్య నడిపే గ్రాండ్ ప్రి సర్క్యూట్‌కి. ఆటగాళ్లతో కొత్తగా కాంట్రాక్టులు రాసుకోవడాన్ని హంట్ మానేయాలి.

నా లెక్కలో డల్లాస్ పతనం మొదలైంది 1989లో కాదు, ఈ కాగితం మీద సంతకం పడిన రోజునే. పైకి చూస్తే హంట్ గెలిచాడు. తన సీజన్ తనకి దక్కింది, గుర్తింపు వచ్చింది. కానీ అతని చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆటగాళ్ల కాంట్రాక్టులు. అవి వదిలేశాక మిగిలింది క్యాలెండర్‌లో ఒక జాగా మాత్రమే. ఇంకొకరు ఇచ్చిన జాగాని వాళ్లే మళ్లీ తీసేసుకోగలరు.

ఆ సెప్టెంబర్‌లోనే ఆటగాళ్లు తమ సంఘం ఏటీపీని పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడు హ్యాండ్సమ్ ఎయిట్‌లోని డ్రైస్‌డేల్. మరుసటి ఏడాది అదే ఎనిమిది మందిలో ఒకడైన పిలిచ్ దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ వదిలి మాంట్రియల్‌లో డబ్ల్యూసీటీ డబుల్స్ ఆడాడని అతని దేశ సమాఖ్య సస్పెండ్ చేసింది. అతనికి మద్దతుగా 81 మంది ఆటగాళ్లు 1973 వింబుల్డన్‌ని బహిష్కరించారు. ఆటగాళ్లకి తమ బలమేంటో తెలిసిన సందర్భమది. ఆ బలం ముందుముందు హంట్‌కీ అడ్డొచ్చింది.

వెలుగు, మసక

అయినా 1970లు డల్లాస్‌కి మంచి రోజులే. 1973లో స్మిత్, ఆర్థర్ యాష్‌ని ఓడించాడు. 1974లో 17 ఏళ్ల బ్యోర్న్ బోర్గ్ ఫైనల్‌కి వచ్చి న్యూకోంబ్ చేతిలో ఓడాడు. మరుసటి ఏడాదీ బోర్గ్ ఫైనల్‌కి వచ్చాడు. ఈసారి యాష్ మొదటి సెట్ పోగొట్టుకుని, చివరి సెట్ 6-0తో ముగించాడు. అదే వేసవిలో యాష్ జిమ్మీ కానర్స్‌ని ఓడించి వింబుల్డన్ గెలిచాడు. జనం ఆ వింబుల్డన్‌ని గుర్తుపెట్టుకుని డల్లాస్‌ని మరిచిపోతారు గానీ, యాష్ ఫామ్‌లోకి వచ్చాడని చెప్పింది డల్లాసే. బోర్గ్ కోరిక 1976లో గిల్లెర్మో విలాస్ మీద తీరింది.

మన విజయ్ అమృత్‌రాజ్ కూడా ఈ సర్క్యూట్‌లో ఆడినవాడే. 1977లో అమెరికన్ డిక్ స్టాక్టన్‌తో కలిసి డబ్ల్యూసీటీ ప్రపంచ డబుల్స్ టైటిల్ గెలిచాడు. అదే స్టాక్టన్ అదే ఏడాది డల్లాస్ సింగిల్స్ ఫైనల్లో కానర్స్‌తో తలపడి ఓడాడు.

ఆ తర్వాత జాన్ మెకెన్రో యుగం. 1979లో ఇరవై ఏళ్ల వయసులో కానర్స్‌నీ, బోర్గ్‌నీ వరుసగా ఓడించి కప్పు ఎత్తాడు. 1981, 1983, 1984, 1989లలో మళ్లీ గెలిచాడు. ఐదు టైటిళ్లు, ఎనిమిది ఫైనళ్లు. ఇంకెవరూ ఆ దరిదాపుల్లోకి రాలేదు. టోర్నీ 1980 నుంచి కొత్తగా కట్టిన రీయూనియన్ అరీనాకి మారింది. 1983లో ఇవాన్ లెండిల్‌తో ఆడిన ఐదు సెట్ల ఫైనల్ కూడా 1972లో లాగే చివరి సెట్ టైబ్రేక్‌లోనే తేలింది. ఆటలో ఏ లోటూ లేదు. మరి తేడా ఎక్కడొచ్చింది?

1978లో డబ్ల్యూసీటీ టోర్నీలు గ్రాండ్ ప్రిలో కలిసిపోయాయి. అంటే డల్లాస్‌కి దారితీసే మెట్లు హంట్‌వే అయినా, ఆ మెట్లున్న ఇల్లు వేరేవాళ్లది. మరోవైపు గ్రాండ్ ప్రికి సొంత ముగింపు టోర్నీ మాస్టర్స్ ఉండనే ఉంది. 1970లో టోక్యోలో మొదలై, ఏటా ఒక నగరం తిరిగి, 1977 నుంచి న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్థిరపడింది. ఒకే ఆటలో రెండు 'సీజన్ ఫైనల్స్' ఉంటే దేన్ని నిజమైనదనుకోవాలి? న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్, ఏడాది మొత్తం ఫలితాలు ఒకవైపు. డల్లాస్, కొన్ని నెలల ఫలితాలు ఇంకోవైపు. జవాబు నెమ్మదిగా తేలిపోయింది.

హంట్ ఊరుకోలేదు. 1982లో గ్రాండ్ ప్రి నుంచి బయటికొచ్చి సొంతంగా 20కి పైగా టోర్నీలతో సర్క్యూట్ నడిపాడు. ప్రైజ్ మనీ ధారాళంగా పోశాడు. ఆ డబ్బులో సింహభాగం లెండిల్‌దే. ఆ ఏడాది అతని సంపాదన 20 లక్షల డాలర్లు దాటింది. డల్లాస్ ఫైనల్లోనూ మెకెన్రోని ఓడించాడు. అప్పటికి గ్రాండ్ ప్రిని నడుపుతున్న మెన్స్ కౌన్సిల్ అటునుంచి బిగించింది. ఏడాదికి కనీసం పది గ్రాండ్ ప్రి టోర్నీలు ఆడతామని మాట ఇవ్వనివాళ్లు క్వాలిఫైయింగ్, అంటే అసలు పోటీకి ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు, ఆడి రావాలంది. ఈ నిబంధన పుణ్యమా అని అంతటి బోర్గ్ కూడా 1982లో మాంటె కార్లోలో క్వాలిఫైయింగ్ ఆడాల్సి వచ్చింది.

హంట్ చేసిన పెద్ద పొరపాటు కూడా ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. వసంతంలో ఒక ఫైనల్స్, ఫాల్ ఫైనల్స్, వింటర్ ఫైనల్స్ అంటూ ఒకే సంస్థ ఇన్ని ముగింపులు పెట్టింది. అన్నీ ఫైనల్సే అయితే ఏదీ ఫైనల్ కాదు కదా. పైగా పెద్ద స్టార్లలో ఎక్కువమంది గ్రాండ్ ప్రి వైపే ఉండిపోయారు. డబ్బు ఉన్నా పేర్లు లేవు. 1983 మొదట్లో గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద మెన్స్ కౌన్సిల్ మీద డబ్ల్యూసీటీ కేసు వేసింది. కోర్టు తీర్పుదాకా పోకుండా రాజీ పడ్డారు. 1985కల్లా డబ్ల్యూసీటీ టోర్నీలు మళ్లీ గ్రాండ్ ప్రి గొడుగు కిందికే వచ్చాయి.

ఇక్కడినుంచి డల్లాస్ ఒక పేరున్న, బాగా డబ్బిచ్చే, కానీ ఎందుకు జరుగుతోందో చెప్పలేని టోర్నీ అయిపోయింది. 1986లో ఆండర్స్ యారిడ్ బోరిస్ బెకర్‌ని ఓడించాడు. 1987లో మిలొస్లావ్ మెచిర్, 1988లో బెకర్ గెలిచారు. చెడ్డ పేర్లేం కావు. కానీ గెలిచినవాడిని 'సీజన్ చాంపియన్' అని పిలిచేవాళ్లు లేరు.

ఆటగాళ్ల చేతికి క్యాలెండర్

1988 ఆగస్టులో యూఎస్ ఓపెన్ గేటు బయట, పార్కింగ్ స్థలంలో ఒక ప్రెస్ మీట్ జరిగింది. లోపల గది ఇవ్వలేదు మరి. మాట్లాడింది ఏటీపీ పెద్ద హామిల్టన్ జోర్డాన్. ఒకప్పుడు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసినవాడు. 1990 నుంచి తమ టూర్ తామే నడుపుకుంటామని ఆటగాళ్ల తరఫున ప్రకటించాడు. టాప్ ఆటగాళ్లలో ఎక్కువమంది వెంట నిలిచారు. గ్రాండ్ ప్రి, మెన్స్ కౌన్సిల్ రెండూ 1989తో ముగిశాయి.

కొత్త ఏటీపీ టూర్‌లో సీజన్ ఫైనల్స్ ఒక్కటే ఉండాలి. అది ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్లింది. డల్లాస్‌కి మిగిలిన దారి ఏదో ఒక వారంలో జరిగే మామూలు టోర్నీగా ఉండటమే. పేరులోనే 'ఫైనల్స్' ఉన్నదానికి అది కుదిరే పని కాదు. 1989 ఫైనల్లో ముప్పై ఏళ్ల మెకెన్రో బ్రాడ్ గిల్బర్ట్‌ని 6-3, 6-3, 7-6తో ఓడించాడు. డల్లాస్‌లో అదే ఆఖరి ఫైనల్. 1990లో న్యూయార్క్ ఫారెస్ట్ హిల్స్ టోర్నీ తర్వాత డబ్ల్యూసీటీ కూడా దుకాణం కట్టేసింది. 1993లో లమార్ హంట్‌ని టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఒకప్పుడు ఆయన ఆటగాళ్లని నిషేధించిన వ్యవస్థే అప్పటికి ఆయన తెచ్చిన పద్ధతుల్లో చాలా భాగాన్ని సొంతం చేసుకుని నడుస్తోంది.

తమాషా ఏంటంటే 1990లోనే ఇదే గొడవ ఇంకో వేషంలో మొదలైంది. ఈసారి హంట్ పాత్రలో ఉన్నది అంతర్జాతీయ సమాఖ్య. ఏటీపీకి పోటీగా మ్యూనిక్‌లో 60 లక్షల డాలర్లతో గ్రాండ్‌స్లామ్ కప్ పెట్టింది. మొదటి ఏడాది గెలిచిన పీట్ సంప్రాస్‌కి ఏకంగా 20 లక్షల డాలర్లు ఇచ్చింది. అదీ ఇండోరే, అదీ 1999తో ఆగిపోయింది. 2000లో రెండు ముగింపులనీ కలిపి లిస్బన్‌లో టెన్నిస్ మాస్టర్స్ కప్ జరిపారు.

అమెరికాలో శీతాకాలపు ఇండోర్ టోర్నీలు కూడా ఒక్కొక్కటిగా పోయాయి. ఫిలడెల్ఫియా 1998లో, శాన్ హోసే 2013లో. మెంఫిస్ 2017 దాకా లాగింది. 2009 నుంచి ఏటీపీ తన టూర్‌లో కార్పెట్ కోర్టుల్నే ఎత్తేసింది. రీయూనియన్ అరీనాని కూల్చేసింది కూడా ఆ ఏడాదే. మెంఫిస్ స్థానం న్యూయార్క్‌కి, అక్కడినుంచి 2022లో డల్లాస్‌కి వచ్చింది. డల్లాస్ ఓపెన్ అన్న ఆ కొత్త టోర్నీ మొదట్లో జరిగింది మూడీ కొలీజియం ఉన్న యూనివర్సిటీలోనే. దానికీ పాతదానికీ ఊరు తప్ప వేరే సంబంధం లేదు.

చివరగా లెక్కల గురించి, ఎందుకంటే సోషల్ మీడియాలో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. మెకెన్రో 'సీజన్ ముగింపు టైటిళ్లు' ఎనిమిది అని ఒకచోట, మూడు అని ఇంకోచోట కనిపిస్తుంది. మూడు మాస్టర్స్‌వి, 1978, 1983, 1984 సీజన్లవి. మిగతా ఐదూ డల్లాస్‌వి. లెండిల్‌కి మాస్టర్స్ ఐదు, డల్లాస్ రెండు. ఈనాటి ఏటీపీ ఫైనల్స్ తన వంశవృక్షంలో మాస్టర్స్‌నే చూపిస్తుంది. కాబట్టి జొకోవిచ్, ఫెడరర్‌ల ఏటీపీ ఫైనల్స్ టైటిళ్ల పక్కన పెట్టి పోల్చేటప్పుడు మెకెన్రోకి మూడే రాయాలి. డల్లాస్ ఐదింటినీ అతను కెరీర్‌లో గెలిచిన 77 సింగిల్స్ టైటిళ్లలో లెక్కిస్తారు.